ఊ కొట్టించే ప్రెజెంటేషన్

శనివారం ఉదయం విజయనగరంలో బస్సెక్కేటప్పటికి ఉదయభాస్కర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి గజపతినగరం కాలేజీలో, రెండో అంతస్తు హాల్లో, శ్రావణి అనే డిగ్రీ రెండో ఏడాది అమ్మాయి ఎనిమిది నిమిషాలు మాట్లాడుతుంది. అయిదు స్లైడ్లు చూపిస్తుంది. వినడానికి ఆ క్లాసు పిల్లలూ, కాలేజీ పాలకవర్గం అధ్యక్షుడు గంగరాజు గారూ ఉంటారు. ఆయన విని బాగుందంటే శనివారం పీరియడ్ నిలబడుతుంది. లేదంటే సోమవారం నుంచి అది లెక్కల కోచింగ్‌కి పోతుంది, దాని వెనకే ఉదయభాస్కర్ ఉద్యోగమూ పోతుంది.

ఇంత చిన్న పథకం ఎలా చెడుతుందని అనుకోవచ్చు. మన వైపు పథకాలు చెడేది చిన్నవిగా ఉన్నందుకే. చిన్నదాన్ని చూస్తే పెద్దవాళ్ళకి చేతులు ఊరుకోవు.

ఉదయభాస్కర్ ఆ కాలేజీలో పిల్లలకి ప్రెజెంటేషన్లు తయారుచెయ్యడం, వాటిని నలుగురి ముందు చెప్పడం నేర్పుతాడు. నేర్పడం కంటే గమనించడం అతనికి ఎక్కువ ఇష్టం. మొదట్లో పిల్లలు పాఠ్యపుస్తకంలోని పేజీని ఉన్నదున్నట్టు స్లైడు మీదికి ఎక్కించి, వినేవాళ్ళకి వీపు చూపిస్తూ గోడకున్న చిన్న టీవీకేసి చదివేవారు. అతను వెనక బెంచీలో కూర్చుని ఎవరి చూపు ఎటు పోతోందో చూసేవాడు. చూపులన్నీ కిటికీలోంచి బయటికి పోయి బజ్జీల బండి దగ్గర ఆగేవి. ఇదే పిల్లలు సాయంత్రం బస్సులో తమ ఊళ్ళో జరిగిన తగువు చెబుతుంటే కండక్టరు కూడా టిక్కెట్లు కొట్టడం మానేసి వింటాడు. మరి క్లాసులోకి వచ్చేసరికి వీళ్ళకి ఏమవుతోంది? ఆ ప్రశ్న అతన్ని కుదురుగా ఉండనిచ్చేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక పిల్లల్నే అడిగాడు. "మీ ఇంట్లో ఎవరైనా కథ చెప్తే, అవతలివాళ్ళు వింటన్నారో లేదో ఎలా తెలుస్తాది?"

"ఊ కొడతారు కద సార్," అంది శ్రావణి. "మా మామ్మయితే మనం ఊ కొట్టకపోతే కథ ఆపేస్తాది. మనం సెప్పినప్పుడు తనకి నచ్చకపోతే ఊ ఆపేసి తొంగుండిపోతాది."

ఉదయభాస్కర్‌కి దారి దొరికింది. ఆ రోజు నుంచి క్లాసులో అదే కొలత. ఒక స్లైడుకి ఒక్క సంగతే. అక్షరాలు వెనక బెంచీ దాకా కనిపించాలి. బొమ్మ సరిపోయే చోట మాట వద్దు. గోడని కాదు, మనుషుల్ని చూస్తూ చెప్పాలి. వినేవాడు లోలోపల "ఊ, తర్వాత?" అనుకోకపోతే ఆ స్లైడు ఎంత అందంగా ఉన్నా తీసిపారెయ్యాలి. ఇక అంశమంటారా, అది పుస్తకంలోంచి వద్దు, ఎన్నాళ్ళుగానో మీకు అంతుబట్టని సంగతేదో తెచ్చుకోండి అన్నాడు. కాలేజీ గేటు దగ్గర కుక్కలు నడిచేవాళ్ళని వదిలేసి స్కూటర్ల మీద వచ్చేవాళ్ళనే ఎందుకు తరుముతాయో కనుక్కుంటానని వెంకీ అనే కుర్రాడు లేచాడు. శ్రావణి మాత్రం, రెండో అంతస్తు బాత్రూముల్లో నీళ్ళెందుకు రావో కనుక్కుంటానంది.

ఆ అమ్మాయికి అది సరదా కాదు. పదిన్నర దాటితే పైన చుక్క రాదు. అది తెలిసిన ఆడపిల్లలు ఇంటి దగ్గర్నుంచి సీసాల్లో తెచ్చుకున్న మంచినీళ్ళు తాగకుండా సాయంత్రం దాకా గొంతెండబెట్టుకుని కూర్చుంటారు. శ్రావణి మోటారు దగ్గర్నుంచి పైపు వెంట నడిచింది, వాళ్ళనీ వీళ్ళనీ అడిగింది, చివరికి కారణం పట్టుకుంది. దాన్ని ఇంట్లో మామ్మ నారాయణమ్మకి చెప్పి చూసుకుంది. మొదటిసారి చెప్పినప్పుడు ముసలావిడ మూడో మాటకే గుర్రు పెట్టింది. శ్రావణి ముందుది వెనక్కీ వెనకది ముందుకీ మార్చి మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆఖరిసారి నారాయణమ్మ మంచం మీంచి లేచి కూర్చుని, "ఊ, బేగి సెప్పు. ఆపీసినావేటి?" అని కసిరింది. ప్రెజెంటేషన్ తయారైందని ఉదయభాస్కర్‌కి అప్పుడు నమ్మకం కుదిరింది.

చిక్కు గురువారం నాడు మొదలైంది. ప్రొజెక్టరు కాలేజీ కరస్పాండెంటు చంద్రశేఖరం గారి బీరువాలో, కొన్ననాటి అట్టపెట్టెలోనే ఉంది. ఉదయభాస్కర్ దాన్ని అడగడానికి వెళ్ళాడు.

"శనివారం గంగరాజు గారొస్తున్నారు కదండీ. మా క్లాసు అమ్మాయి ఓ ఎనిమిది నిమిషాలు..."

"ఎనిమిది నిమిషాలేటి మాస్టారూ?" చంద్రశేఖరం గారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఆయన శ్రీకాకుళం నుంచి అంత దూరం వస్తే ఎనిమిది నిమిషాల్లో పంపించేస్తామా? పైగా ప్రొజెక్టరు మొదటిసారి బయటికి తీస్తన్నాం. ఓపెనింగు సేసీద్దాం."

"అంశం ఏంటంటే సార్..."

"అంశానికేటుందండీ, ఏదో ఒకటి ఉంటాది. అమ్మాయి ఎవులి తాలూకు?"

పక్క ఊళ్ళో వరి, మొక్కజొన్న పండించే రైతుల పిల్ల అని ఉదయభాస్కర్ చెప్పాడు. విచారణ అక్కడితో ముగిసింది. అంశం సంగతి గట్టిగా చెప్పి ఉండాల్సిందని అతనికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

శనివారం గేటు దాటేసరికి కాలేజీ ముందు షామియానా ఉంది. గాడిపొయ్యి మీద పులిహోరకి తాలింపు వేగుతోంది. మైకు "హలో, హలో" అంటోంది. రెండో అంతస్తు హాల్లో ఒక క్లాసు కాదు, కాలేజీ మొత్తం కూర్చుని ఉంది. ముందు వరసలో నారాయణమ్మ కొత్త చీర కట్టుకుని, ప్రయాణానికి వచ్చినట్టు సంచి ఒళ్ళో పెట్టుకుంది. స్లైడ్లు పడాల్సిన తెల్ల గోడ మాత్రం కనిపించలేదు. దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫ్లెక్సీ నిండా నవ్వుతున్న చంద్రశేఖరం గారి ముఖం. కింద మూలన గంగరాజు గారు. శ్రావణి పేరు ఎక్కడా లేదు.

ఉదయభాస్కర్ అటెండరు అప్పలసూరిని పక్కకి పిలిచాడు. "ఈ గోడ మీదే కదయ్యా బొమ్మ పడాల్సింది! ఫ్లెక్సీ విప్పెయ్."

"సారే కట్టమన్నారు బాబూ," అన్నాడు అప్పలసూరి. "ముక్య అతిది ఒచ్చీ ఏలకి ఆరి మొకం ఇప్పీమంటే, నావల్ల కాదు."

సరే, మనిషి ముఖం మీద అయినా అక్షరాలు కనబడకపోతాయా అని ఉదయభాస్కర్ సర్దుకున్నాడు. ఇంతలో ఓపెనింగు మొదలైంది. చంద్రశేఖరం గారు ప్రొజెక్టరుకి పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. బొట్టు పెట్టబోతూ దానికి నుదురెక్కడుందా అని ఒక్క క్షణం వెతికి, ముందువైపు గుండ్రంగా మెరుస్తున్న అద్దం కనబడగానే దాని నడిబొడ్డున గంధం రాసి, పైన నిండుగా కుంకుమ అద్దారు. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఉదయభాస్కర్ జేబురుమాలు తీసి అద్దం వైపు చెయ్యి చాపాడు. అప్పలసూరి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి బాబూ ఇది? సుబమా అని మొదలెడతన్నపుడు బొట్టు సెరిపేత్తారేటి?"

ముందు వరసలోంచి నారాయణమ్మ కూడా "తప్పు నాయనా, తప్పు" అంది. ఉదయభాస్కర్ రుమాలు జేబులో పెట్టేసుకున్నాడు. ఇంతమంది మధ్య బొట్టు చెరిపే ధైర్యం ఎవరికైనా ఉంటుందా అంటే, నాకు తెలిసి ఉండదు.

ఆ తర్వాత పెద్దలందరినీ పేరుపేరునా వేదిక మీదికి పిలిచారు. గంగరాజు గారు నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. షుగరుంది. వచ్చీ రాగానే గేటు దగ్గర కొబ్బరిబొండాం ఇచ్చారు, కరస్పాండెంటు గదిలో టీ ఇచ్చారు, వేదిక మీద గోలీసోడా ఇచ్చారు. మొహమాటంకొద్దీ అన్నీ తాగారు. చంద్రశేఖరం గారు మైకు అందుకుని కాలేజీ చరిత్రని పునాదిరాయి నుంచి మొదలుపెట్టారు. జూన్‌లో తాను పెట్టించిన కరెంటు గంట దాకా వచ్చేసరికి గంగరాజు గారు కుర్చీలో అటూ ఇటూ కదిలి, మెల్లగా లేచి, పక్క తలుపులోంచి వరండాలోకి వెళ్ళిపోయారు. ఎవరూ చూడలేదు. ఉపన్యాసకుడి చూపు పైకప్పు మీద ఉంది. మిగిలినవాళ్ళ చూపు బజ్జీల బండి మీద ఉంది.

"మనిషి చెయ్యి పడనక్కర్లేదు! దానంతట అదే మోగుతుంది!" అని గంటని పొగడడం పూర్తిచేసి, "ఇప్పుడు మన విద్యార్థిని రెండు ముక్కలు చెబుతుంది" అంటూ చంద్రశేఖరం గారు సభకేసి తిరిగే ఉండి మైకు శ్రావణికి అందించారు. శ్రావణి నిలబడి, నేర్చుకున్నట్టే ముందు వినేవాళ్ళని చూసింది, ఊపిరి పీల్చుకుంది, మీట నొక్కింది.

ఫ్లెక్సీలో నవ్వుతున్న చంద్రశేఖరం గారి మీద మొదటి స్లైడు పడింది. ఎండిపోయిన కుళాయి బొమ్మ సరిగ్గా ఆయన ముక్కు ఉండే చోట అమరింది. అంచులు చెదిరిన ఎర్రటి మచ్చ నుదురంతా పరుచుకుంది. మీసాల కింద, వెనక బెంచీ దాకా కనబడే అక్షరాల్లో "నీళ్ళు ఎందుకు రావు?" అని ఉంది.

హాలు ఒక్కసారి గుప్పున నవ్వింది. వేదిక మీద పెద్దలకి వాళ్ళ వెనక ఏముందో కనబడదు కాబట్టి వాళ్ళూ మర్యాదగా నవ్వారు. పొద్దుట్నుంచి ఒక్క ఊ కూడా కొట్టని నారాయణమ్మ మాత్రం నవ్వలేదు. ముందుకి వంగి, "ఊ! ఊ! సెప్పు," అంది.

శ్రావణి చెప్పడానికి నోరు తెరిచేలోపే చంద్రశేఖరం గారు వెనక్కి తిరిగారు. ముందు తన ముఖం చూసుకున్నారు. తర్వాత అక్షరాలు చదివారు. ఆ తర్వాత పక్కనున్న ఖాళీ కుర్చీ చూశారు.

"గంగరాజు గారేరీ?" అని కేక పెట్టారు. "అయ్యో, ఇది సూసి కోపమొచ్చి ఎల్లిపోనారు! ఆపండి, ఆపండి!"

ఎవరో కిటికీలోంచి తొంగిచూసి కారు కూడా లేదన్నారు. నిజానికి డ్రైవరు టైరులో గాలి పెట్టించడానికి బండిని మెకానిక్ షాపుకి తీసుకెళ్ళాడు. కాని ఆ సంగతి ఆలోచించే తీరిక అక్కడెవరికీ లేదు. చంద్రశేఖరం గారు ఉదయభాస్కర్ ముందుకొచ్చి, "మీ పీరియడు అయిపోనాది మాస్టారూ. సోమవారం నుంచి రానక్కర్లేదు," అనేసి, సన్మానానికి తెచ్చిన దుశ్శాలువా చంకన పెట్టుకుని మెట్లు దిగారు. కింద గుమస్తా స్కూటరు వెనకెక్కి శ్రీకాకుళం దారి పట్టమన్నారు. స్కూటరు గేటు దాటగానే కుక్కలన్నీ లేచాయి. అరుపులు కొంతసేపు దూరమవుతూ వినిపించాయి.

పులిహోర వడ్డిస్తున్నారనగానే హాలు ఖాళీ అయింది. శ్రావణి వరండాలో స్తంభం పక్కన నిలబడి ఏడుపు ఆపుకుంటోంది. ఆపుకోవడం చేతకాలేదు.

"ఏడవకే," అంది నారాయణమ్మ, చీర చెంగుతో ఆ పిల్ల ముఖం తుడుస్తూ. "నాను ఊ కొట్టాను కాదేటి?"

ఉదయభాస్కర్‌కి ఉద్యోగం పోయినందుకు బాధగానే ఉంది. అంతకంటే, ఇంత బాగా తయారైన ప్రెజెంటేషన్ మొదటి స్లైడు దగ్గరే చచ్చిపోయినందుకు ఎక్కువ బాధగా ఉంది. అప్పుడు వరండా చివర బాత్రూములోంచి ఒక గొంతు వినిపించింది. మర్యాదగా, కొంచెం సిగ్గుగా ఉంది.

"అయ్యా... అక్కడెవరైనా మగవాళ్ళున్నారా?"

ఉదయభాస్కర్ పరుగెత్తాడు. "గంగరాజు గారా? సార్, మీరిక్కడున్నారా?"

"ఎంతసేపట్నుంచో ఉన్నానయ్యా. మీ మైకు హోరులో నా కేక ఎవరికీ అందలేదు. కుళాయి తిప్పితే గాలి వస్తోంది గాని నీళ్ళు రావటం లేదు."

ఉదయభాస్కర్ హాల్లో కుర్చీలు సర్దుతున్న అప్పలసూరిని పిలిచి, చెవిలో ఒక మాట చెప్పి కిందికి తరిమాడు. "వచ్చేస్తాయి సార్, ఒక్క రెండు నిమిషాలు."

"అది సరే, అసలెందుకు రావటం లేదు?" లోపలి గొంతులో సిగ్గు తగ్గి చిరాకు పెరిగింది. "నా ఉద్యోగమంతా నీళ్ళతోనే గడిచింది. మోటారు చప్పుడు ఇక్కడికి వినిపిస్తూనే ఉంది. మోటారు తిరుగుతుంటే నీళ్ళెందుకు రావు?"

ఉదయభాస్కర్ శ్రావణి వైపు చూశాడు. మొదటి స్లైడుని వినేవాడే చదివేశాడు! ఇలాంటి శ్రోత ఎవరికి దొరుకుతాడు? విషయం తెలియదు, తెలుసుకోకపోతే గడవదు, మధ్యలో లేచి వెళ్ళిపోలేడు.

"సెప్పమ్మా," అన్నాడు మెల్లగా.

"స్లైడ్లు లేవు కద సార్."

"ఊ కొట్టే మనిషి ఉన్నారు కదా."

శ్రావణి కళ్ళు తుడుచుకుని తలుపు ముందుకొచ్చింది. చూడడానికి కళ్ళు లేవు కాబట్టి గొళ్ళెం వైపు చూసింది.

"నమస్కారం సార్, నా పేరు శ్రావణి. మొన్న జూన్ దాకా ఈ కుళాయికి రోజంతా నీళ్ళొచ్చేవి."

"ఊ," అంది తలుపు.

"జూన్‌లో మన కాలేజీకి కరెంటు గంట పెట్టారు. అప్పట్నుంచి పదిన్నరకి నీళ్ళు ఆగిపోతన్నాయి."

ఇక్కడ ఆగాలని ఆమె క్లాసులో నేర్చుకుంది. ఆగింది. లోపల చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

"గంటకీ నీళ్ళకీ ఏటమ్మా సంబందం?" ఇన్నాళ్ళ ఆఫీసు తెలుగు జారిపోయి, గంగరాజు గారిలోంచి శ్రీకాకుళం బయటికొచ్చింది.

"మోటారు పైపు రెండుగా సీలుతాది సార్. ఒకటి తోటకి, ఒకటి పైకి. తోట పైపు ఇప్పి ఉంటే నీరు మేడెక్కదు. రాత్రి తొట్టెలో మిగిలిన నీళ్ళే పదిన్నర దాకా వస్తాయి."

"ఎక్కదు మరి, ఎలగెక్కుతాది? ఊ, అయితే?"

"అప్పలసూరి గారు తొమ్మిదింటికి మొక్కలకి నీళ్ళు ఇప్పుతారు. ఇదివరకైతే పదిన్నరకి గంట కొట్టడానికి తోట సివరికెల్లేవారు. అక్కడే రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉండేది. ఎల్లినప్పుడు పైపు కట్టేసి వచ్చేవారు. కట్టమని ఆయనకి ఎవరూ సెప్పలేదు, కడతన్నానని ఆయనా ఎవరికీ సెప్పలేదు. కొత్త గంట దానంతట అదే మోగుతాది సార్. అందుకని ఆయనకి ఇంక అటెల్లే పని లేదు."

"ఓర్నాయనో!" అన్నాడు లోపలి ఇంజినీరు. అది ఊ కంటే చాలా పెద్దది.

"గంట మంచిదే సార్, ఉండనివ్వండి. పదిన్నరకి పైపు కట్టే పని మాత్రం ఒక మనిషికి అప్పజెప్పండి. అది ఒక్కటీ సేస్తే పైన ఆడపిల్లలందరూ రోజూ నీళ్ళు తాగుతారు. అంతే సార్, ధన్యవాదాలు."

లోపల కుళాయి ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత బకెట్టులో ధార పడిన చప్పుడు వరండా అంతా వినిపించింది.

"ఊ," అంది నారాయణమ్మ తృప్తిగా.

గంగరాజు గారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి చంద్రశేఖరం గారు కూడా మెట్లెక్కి పైకి వచ్చారు. పంచె మోకాలి దాకా చిరిగి ఉంది. చంకలోని దుశ్శాలువాకి ఒక మూల లేదు. గంగరాజు గారిని చూసి ఆయన కొయ్యబారిపోయారు.

"చంద్రశేఖరం," అన్నారు గంగరాజు గారు, ఆయన భుజం మీద తడి చెయ్యి వేసి. "నా సర్వీసులో ఎన్నో ప్రెజెంటేషన్లు చూశానయ్యా. అన్నీ నిద్రపుచ్చేవే. వినేవాణ్ణి తీసుకెళ్ళి సమస్యలో కూర్చోబెట్టి, తలుపవతల నుంచి కారణం చెప్పి, చివర్లో నీళ్ళు వదిలి నిరూపించడం ఇదే చూడ్డం. కొబ్బరిబొండాం, టీ, సోడా! అప్పుడు నాకు తట్టనే లేదు. ఎవరిదయ్యా ఈ ఆలోచన?"

చంద్రశేఖరం గారు ఉదయభాస్కర్‌ని చూశారు, శ్రావణిని చూశారు, చిరిగిన పంచె చూసుకున్నారు.

"మనదే సార్," అన్నారు. "మొదట్నుంచీ అనుకున్నదే."

"మరి ఈ పీరియడు తీసేద్దామన్నావట?"

"తీసీడమేటి సార్! ఒక్క క్లాసుకే ఎందుకూ, అన్ని క్లాసులకీ పెడదామని అన్నాను." అంటూ మూల లేని దుశ్శాలువా గంగరాజు గారికి కప్పబోయారు. గంగరాజు గారు దాన్ని అందుకుని శ్రావణికి కప్పారు. ఆ పిల్ల ఈసారి ఏడుపు ఆపుకోవడానికి ప్రయత్నించలేదు.

సోమవారం పదిన్నరకి కరెంటు గంట మోగగానే అప్పలసూరి తోట చివరికి నడిచాడు. మధ్యాహ్నం పై అంతస్తులో ఆడపిల్లలు సీసాలెత్తి గటగటా తాగుతుంటే ఉదయభాస్కర్ వరండాలో నిలబడి చూశాడు. జీతం చేతికొచ్చిన రోజున కూడా అతనికి అంత సంతోషం కలగలేదు. ఆ సాయంత్రం చంద్రశేఖరం గారు అతన్ని గదికి పిలిచి, గంగరాజు గారికి నచ్చిన పద్ధతే ఇకమీదట కాలేజీ పద్ధతి అన్నారు. ముఖ్య అతిథిని ముందు సమస్యలో కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే పిల్లలు మాట్లాడాలి. అందులో మార్పు లేదు.

వచ్చే శనివారం వంతు వెంకీది. అతిథిగారు స్కూటరు మీద రావాలని తెలిసి, ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు.